దొరసాని కారులో కుడిపక్క సీటు

— మామా, ఇప్పుడు చిన్న కార్లు కొత్తవి వస్తా ఉండాయి గదా. బుక్ చేసుకునే ఫారం కూడా తెచ్చినా. ఆ పాత కారును ఇంకా ఎందుకు పెట్టుకోని ఉండారు?

కూర్చో అల్లుడా, ముందు కూర్చో. ఆ ఫారం గల్లాపెట్టి మింద పెట్టు. ఫ్యాను గాలికి పోతాది, దాని మింద కత్తెర పెట్టు. ఆ, అట్ల. నువ్వు నీ పెండ్లికి చీరలు చూసేదానికి వచ్చినావా, నాకు కారు అంటగట్టేదానికి వచ్చినావా? రెండూనా? సరి సరి. చీరలు చూస్తా ఉండు, నేను చెప్తా ఉంటా. ఇదిగో ఈ వంకాయ రంగు చూడు. అంచు చూడు, అంచు. ఆ పిల్ల తెల్లగా ఉంటాదా చామనచాయా? చామనచాయ అయితే ఇది వద్దు, ఇంకొకటి విప్పుతా. విప్పేదానికి ఏముండాది.

కారు అంటివి గదా. ఈ ఊర్లో పాత కారు పెట్టుకోని ఉండేవాళ్ళను ఎవర్నైనా అడుగు, ఒకడు కూడా నిజం చెప్పడు. ఒకడు ఇనుము గట్టిది అంటాడు. ఒకడు మైలేజి అంటాడు. ఇంకొకడు కొత్త బండ్లు అట్ట డబ్బాలు అంటాడు. అంతా వట్టిది. ఫ్రెంచోళ్ళు ఉండిన వైట్ టౌన్లో ఒక డాక్టరు ఉండాడు, మన అంగడికే వస్తాడు, ఆయన కారుకు వెనకపక్క ఎడమ తలుపు తెరుచుకోదు. పదేండ్లుగా తెరుచుకోదు. ఏం డాక్టరుగారూ, ఊరికి వైద్యం చేస్తారు, తలుపుకు చెయ్యరా అని నేనే అడిగినా. మెల్లిగా దగ్గరికి వచ్చి చెప్పినాడు. ఆ పక్క వాళ్ళ అత్తగారు కూర్చుంటాదంట. తలుపు తెరుచుకుంటే ప్రతి అంగడి దగ్గరా దిగతాదంట! మరి ఆయన కొత్త కారు కొంటాడా? జన్మలో కొనడు. అడిగినవాళ్ళకు మాత్రం ఇనుము గట్టిది అంటాడు.

మా కథ కూడా అట్లాంటిదే. లేదు, అట్లాంటిది కాదు. విను.

ఆ కారు మా నాయన కొనింది ఫ్రెంచోళ్ళు ఊరు విడిచి పోతా ఉన్నప్పుడు. వైట్ టౌన్లో ఒక దొరసాని ఉండేది, కిటికీలకు తెరలు కుట్టించేదానికి మన దగ్గరే గుడ్డ తీసుకునేది. ఓడెక్కే ముందు వారం వచ్చి, నాయన చేతిలో కారు తాళం పెట్టి ఏడిచింది. నాయనకు ఫ్రెంచి రాదు, ఆమెకు తెలుగూ రాదు అరవమూ రాదు. ఆమె ఏడిచేది చూసి ఈయనా ఏడిచినాడు. ఏడుస్తా ఏడుస్తా బేరం చేసేది మరిచిపోయినాడు. మా నాయన బేరం ఆడకుండా కొనింది ఈ లోకంలో అదొక్కటే. అందుకే దానికి దొరసాని అని పేరు పడింది. నాయన పోయినాక మా అన్న తోలినాడు. అదే, మీ పెద్దమామ. ఇప్పటికీ ఆయనే తోలతాడు. నాకు తోలేది రాదు.

దాంట్లో మెలిక ఏందంటే, స్టీరింగు ఎడమపక్క. నువ్వు ఎక్కినావు గదా చిన్నప్పుడు, జ్ఞాపకం ఉండాదా? మనం రోడ్డుకు ఎడమపక్క పోవల్ల. తోలేవాడూ ఎడమనే కూర్చుంటే వానికి ముందర పోయే బస్సు వీపు తప్ప ఏం కనపడతాది? ఎదురుగా ఏమొస్తా ఉండాదో కుడిపక్క కూర్చున్నవాడు తల బయట పెట్టి చూసి చెప్పల్ల. పో అంటే పోవల్ల, ఉండు అంటే ఉండల్ల. ఆ కుడిపక్క మనిషి నేను. పదహారేండ్లప్పుడు కూర్చున్నా ఆ సీట్లో. చెయ్యి చూపించేది కూడా నా పనే. సిగ్నలు లైట్లు ఎప్పుడో చచ్చిపోయినాయి. కుడికి తిరగాలంటే నేను చెయ్యి చాపల్ల, ఆయన తిప్పల్ల. చెయ్యి నాది, స్టీరింగు ఆయనది.

కొత్తగా వచ్చిన ఎర్రటోపీ పోలీసు ఎవడైనా సరే, ఒకసారి మా దగ్గర మోసపోవల్సిందే. ఆపుతాడు, నేరుగా నా కిటికీ దగ్గరికి వస్తాడు, లైసెన్సు ఎత్తు అంటాడు. లేదు సామీ అంటా. లైసెన్సు లేకుండా తోలతా ఉండావా అని పుస్తకం తీస్తాడు. తోల్లేదు సామీ, ఊరికే కూర్చోని ఉండా అంటా. అప్పుడు లోపలికి తొంగి చూస్తాడు. నా ముందర ఏముంది? ఏమీ లేదు, ఒళ్ళో కాఫీ ఫ్లాస్కు ఉంది. వాడు టోపీ సర్దుకుంటాడు పాపం.

ఇది నచ్చిందా, ఈ ఆకుపచ్చది? నచ్చలేదా. ఉండు, పై అర.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. డెబ్బై మూడో నాలుగో, పెట్రోలు ధర పెరిగిందని ఊరంతా గోల పెట్టిన రోజులు. నాకు పెండ్లయి మూడేండ్లు. మీ అత్త వాళ్ళ నాయన నెల్లూరు పక్కనుంచి మామిడిపండ్లు ఎత్తుకోని వచ్చి ఉండాడు. ఇదో ఇప్పుడు నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నాడు. ఆయనకూ గుడ్డల అంగడే. ఆ పూట నలుగురు ఆడవాళ్ళు చీరలకు వచ్చినారు. నేను ముప్ఫై విప్పినా. వాళ్ళు ఒక్కటీ తీసుకోకుండా లేచినారు. అప్పుడు మా అన్న అంగడంతా వినపడేట్టు, మీ అత్త వాళ్ళ నాయనను చూసి అన్నాడు. 'చూసినారా మీ అల్లుడి పనితనం? విప్పి పరిచేది బాగా వచ్చు. మడిచి పెట్టేదే ఇన్నేండ్లయినా రాలేదు. వీడి వెనక మడిచేదానికే నేను పుట్టినట్టు ఉండాది' అని.

ఆడవాళ్ళు నవ్వినారు. అది పరవాలేదు. మీ అత్త వాళ్ళ నాయన ఏం చేసినాడో తెలుసునా? నా ముందర ఉండే చీర తీసుకోని, అంచుకు అంచు పెట్టి, టప్ టప్ అని నాలుగు మడతలు, అద్దం పెట్టినట్టు పెట్టి నా చేతికి ఇచ్చినాడు. అల్లుడా, కొట్టినా అంత నొప్పి ఉండదు!

నిజం చెప్పాలంటే నాకు మడత రాదు. ఇప్పటికీ రాదు. అంచులు కలవవు నాకు. అది వేరే సంగతి. మామగారి ముందర అనొచ్చునా?

ఆ రోజుతో అన్నకూ నాకూ మాట పడిపోయింది. ఒకటే ఇల్లు, ఒకటే అంగడి, భోజనానికి ఒకటే వరస. నా ఆకుకూ ఆయన ఆకుకూ మధ్య జానెడు. 'నీ మరిదికి పప్పు కావాలేమో అడుగు' అంటాడు వదినతో. 'నీ మొగుడికి చెప్పు వదినా, చాలు' అంటా నేను. వదిన పాపం, పప్పు గరిట పట్టుకోని అటూ ఇటూ చూస్తా నిలబడేది. అంగట్లో అయితే వచ్చినవాళ్ళతో చెప్పించేది. 'అమ్మా, ఆ పెద్దాయన్ను తొమ్మిది గజాలవి దించమనండి.' వాళ్ళు ఆశ్చర్యపోయి అడిగేది, ఆయన దించేది.

కానీ కారు? కారులో వదిన లేదు గదా!

సోమవారం సోమవారం బాహూరికి పోవల్ల మేము. రైతుల ఇండ్లలో పెండ్లిండ్లకు గుడ్డలు ఇంటికే తీసకపోయి చూపించేది నాయన కాలం నుంచీ వాడుక. వెనక సీటు నిండా మూటలు. ముందర మేమిద్దరం. గొడవైన తర్వాత వచ్చిన మొదటి సోమవారం, పోయేటప్పుడు ఏ బండీ అడ్డం రాలేదు, దేవుడు కాపాడినాడు. తిరిగి వచ్చేటప్పుడు, చెరువుకట్ట దాటినామో లేదో, ముందర చెరుకు బండి తగులుకునింది. రెండెద్దుల బండి. చెరుకు ఆకాశానికి ఎక్కించి ఉండాడు. మా అన్న హారను కొట్టినాడు. నేను తల బయట పెట్టి చూసినా. రోడ్డు ఖాళీ. కనుచూపు మేర ఒక కుక్క కూడా లేదు. చెప్పనా? చెప్పలేదు. నాకు మడతే రాదు గదా, దారి చూసేది ఎట్ల వస్తాది అని ఊరికే కూర్చున్నా. ఆయనా అడగలేదు. అడిగితే ఆయన చిన్నతనం.

ఎద్దుల వెనక దొరసాని. గంటకు రెండు మైళ్ళు. సైకిళ్ళు దాటి పోయినాయి. నడిచిపోయే ముసలమ్మ ఒకామె తలమింద గంపతో మమ్మల్ని దాటి, తిరిగి చూసి, పాపం బండికి ఏమైందో అని నోరు కొట్టుకోని పోయింది. ఇంజిను కాగి ముందరినుంచి ఆవిరి వస్తా ఉండాది. ఆయన ముందుకు చూస్తా ఉండాడు, నేను పక్కకు చూస్తా ఉండా. బండివాడు మాటిమాటికి వెనక్కి తిరిగి చూస్తా ఉండాడు. చివరికి బండి ఆపేసినాడు. అయినా మా అన్న దాటలేదు, వెనకనే ఆపినాడు. చూడకుండా ఎట్ల దాటేది?

బండివాడు దిగినాడు. చెమట తుడుచుకుంటా నా కిటికీ దగ్గరికి వచ్చి చేతులు జోడించినాడు. 'సామీ, దారిలో నాలుగు గడలు అమ్మింది నిజమే. పిల్లోళ్ళు గలవాణ్ణి. చక్కెర మిల్లులో చెప్పబాకండి' అని అరవంలో ఏడుపు మొగం పెట్టినాడు. మమ్మల్ని మిల్లు ఆఫీసర్లు అనుకున్నాడు! అంతసేపు కారులో వెంటాడేవాళ్ళు ఇంకెవరుంటారు, వాడి తప్పేముంది. రెండు గడలు విరిచి నా ఒళ్ళో పెట్టినాడు. కాదయ్యా, మేము గుడ్డల అంగడోళ్ళం అని చెప్పొచ్చు. చెప్తే, మరి ఎందుకు నా వెనక వస్తా ఉండారు అంటాడు. అదెవరు చెప్పేది?

ఒక గడ అన్న పక్కకు జరిపినా. తీసుకున్నాడు. ఇద్దరం నమలతా ఉండాం. బండి మళ్ళీ కదిలింది, మేమూ కదిలినాం. అప్పుడు నోటినిండా చెరుకు ఉండగా నేను 'ఫో' అన్నా. ఆయన సర్రున దాటేసినాడు.

నోట్లో చెరుకు ఉండింది కాబట్టి అది మాట కిందికి రాదని నేను లెక్కేసుకున్నా. ఆయన కూడా అట్లనే లెక్కేసుకున్నట్టు ఉండాడు. అప్పటినుంచి అదొక ఏర్పాటైపోయింది. ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు. కారులో దారి గురించి చెప్పేది మాట కాదు. అంతే. కారు దిగితే మళ్ళీ మామూలే, 'నీ మరిదికి పప్పు.'

అయితే దారిలో ఏమేం ఉంటాయి చెప్పు? అన్నీ ఉంటాయి! మొదట్లో పో, ఉండు. తర్వాత, ఉండు, లారీ. తర్వాత, ఉండు, లారీ వెనక ఇంకో లారీ. ఒక రోజు, 'ఉండు, మన మేనత్త కొడుకు స్కూటరు మింద వస్తా ఉండాడు, వెనక ఎవరో పిల్ల' అన్నా. ఆయన బ్రేకే వేసినాడు, 'ఎవరది?' అని. అదీ దారి మాటే గదా! అట్ల అట్ల, ఆర్నెల్లు తిరిగేసరికి, 'ఉండు, సైకిలు... మా చిన్నదానికి నిన్నటినుంచి జరం... ఇప్పుడు పో.' ఆయన దాటి, గేరు మార్చి, 'ఆ సారం పేటలో ఉండే డాక్టరు దగ్గరికి తీసకపొమ్మని సైకిలోడికి ఎవరైనా చెప్తే బాగుండు' అంటాడు. నేను మరుసటిరోజు తీసకపోతా. జరం తగ్గితే వచ్చే సోమవారం, 'ఉండు, బస్సు... తగ్గిపోయింది... పో.'

నవ్వబాకు. ఎనిమిదేండ్లు అట్ల కాపురం చేసినాం మేము. పిల్లల చదువులు, మీ అమ్మ సీమంతం, ఇంటికి సున్నం, అంతా బాహూరు రోడ్డు మిందనే తేలింది. ఒకసారి రోడ్డు మింద బండ్లే లేవు, చెప్పాల్సిందేమో చాలా ఉంది. మా అన్నే చెట్టు కింద ఆపి ఉన్న ఒక ట్రాక్టరు వెనక పోయి ఆగినాడు! దాంట్లో మనిషే లేడు. అరగంట ఉండాం ఆడ.

వదిన కనిపెట్టేసింది. ఆడవాళ్ళకు తెలియనిది ఏముండాది. సోమవారం సాయంత్రం ఇద్దరి మొగాలూ బాగుండేది చూసి, బుధవారానికి కూడా పని పెట్టేది. బియ్యం బాహూరువే కావాలంటాది. చింతపండు కడలూరుదే కావాలంటాది. ఈ వీధిలోనే దొరికే బెల్లానికి ఇరవై మైళ్ళు పోయొచ్చినాం.

ఇట్ల ఉండగా, ఎనభై దాటినాక, ఒకే వారంలో రెండు జాబులు వచ్చినాయి.

ఒకటి కొత్త కారుది. నాయన ఉన్నప్పుడు ఎప్పుడో పేరు రాసి పెట్టినాడంట, మేము మరిచే పోయినాం. మీ వంతు వచ్చింది, డబ్బు కట్టి బండి తీసకపొండి అని. అప్పట్లో కొత్త కారు వంతు రావడమంటే, అబ్బా! వీధి వీధంతా వచ్చి ఆ కాగితం చూసి పోయినారు. నీళ్ళపొయ్యి మాదిరి ఉండే ఆ దొరసానిని ఇనుముకు వేసేయండి అన్నారు. స్టీరింగు కుడిపక్క ఉంటాది, ఒక్కడివే హాయిగా పోవచ్చు అన్నారు మా అన్నతో.

రెండో జాబు నాకు. మీ అత్త వాళ్ళ నాయన రాసింది. తెలుగులో రాసినాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ చదివేది ఎవరికి వచ్చు? మేము బడిలో చదివింది అరవం, కొంచెం ఫ్రెంచి. మీ అత్త బడికే పోలేదు. ఇంటి మొత్తం మింద తెలుగు చదివేది వదిన ఒక్కతే, ఆమె చిత్తూరామె. జాబులో ఏముందో తెలియదు గదా, వదిన చేతికి ఇచ్చి చదవమన్నా. ఆమె గొంతెత్తి చదివింది. 'అల్లుడికి ఆశీర్వాదములు. ఈ సంగతి మీ అన్నకు గానీ వదినకు గానీ తెలియనివ్వవద్దు...'

నా ప్రాణం పోయింది. ఆమె ఆపలేదు, చివరిదాకా చదివింది. సారంలో ఒక అంగడి చూసినానని, వేరుపడి వచ్చేయమని, సరుకు తాను పంపిస్తానని, మాటే లేని అన్నతో ఎందుకు ఉండాలని. చదివేసి, జాబు మడిచి, మొగుడికీ పెండ్లానికీ ఇద్దరికీ మడత వచ్చు చూడు, నా చేతికి ఇచ్చి, 'సారం మంచి చోటే' అనింది. వంటింటి దాకా పోయి మళ్ళీ తిరిగి వచ్చి, 'మరిదీ, కొత్త కారు వస్తే దాంట్లో నువ్వేం చేస్తావు?' అనింది.

'ఏం చేస్తా, ఊరికే కూర్చుంటా' అన్నా.

'అదే నా భయం' అనింది.

సారం సంగతి నేనే అన్నకు చెప్పల్ల. చెప్పకుండా పోతే తప్పు. యాడ చెప్పేది? సోమవారం కారులో. వద్దంటాడా, పొమ్మంటాడా, అదీ ఆడనే తేలల్ల. ఆయన ఒక్క మాట అనకపోతే పోయేదే అనుకున్నా.

సోమవారం పొద్దున ఏమైందంటే, ఇనుప సామాన్ల అంగడాయన మన వీధిలోనే ఉండాడు, ఆయనకు అదే రకం కొత్త కారు అప్పుడే వచ్చి ఉండాది. 'డబ్బు కట్టే ముందర ఒకసారి తోలి చూడన్నా' అని తెచ్చి మన అంగడి ముందర నిలిపినాడు. మూటలు దాంట్లోకి ఎక్కించినారు. మా అన్న ఎప్పటి మాదిరే ఎడమ తలుపు తీసుకోని ఎక్కినాడు. నేను ఎప్పటి మాదిరే కుడి తలుపు తీసుకోని ఎక్కినా. కూర్చున్నాం. చూస్తే స్టీరింగు నా కడుపుకు ఆనుకోని ఉండాది.

ఇద్దరం ముందుకే చూస్తా ఉండాం. ఆయన కాలితో క్లచ్చి వెతకతా ఉండాడు, ఆడ ఏముంటాది? బజారంతా చూస్తా ఉండాది. సరి, ఇద్దరం దిగినాం. ఆయన ముందునుంచి ఇటు, నేను అటు, బానెట్టు దగ్గర ఎదురుపడి, ఆయన ఎడమకు జరిగితే నేనూ అదే పక్కకు జరిగి, మళ్ళీ ఇద్దరం రెండో పక్కకు జరిగి... ఇనుప సామాన్లాయన నవ్వలేక లోపలికి పోయినాడు.

బయలుదేరినాం. మెత్తగా పోతా ఉండాది, చప్పుడు లేదు. నాకు పని లేదు. కుడికి తిరిగేటప్పుడు అలవాటుగా చెయ్యి బయట పెట్టినా, ఎడమ కిటికీ గదా, సైకిలు మింద పోయేవాడి టిఫిను క్యారియరుకు తగిలి వాడు తిట్టినాడు. చెయ్యి లోపలికి లాగి ఒళ్ళో పెట్టుకున్నా. అరియాంకుప్పం దాటినాం. ఒక బస్సు వచ్చింది, మా అన్న ఆయనే చూసుకోని ఆయనే దాటినాడు. ట్రాక్టరు వచ్చింది, దాటినాడు. లారీ, దాటినాడు. దాటిన ప్రతిసారీ నా నోట్లో మాట నోట్లోనే ఉండిపోతా ఉండాది. ఉండు అనేదానికి లేకపోతే దాని వెనక సారం సంగతి ఎట్ల తగిలించేది? ఇదే ఆఖరి సోమవారం అనుకున్నా అల్లుడా. నిజంగా కండ్లలో నీళ్ళు తిరిగినాయి. కొత్త సీటు వాసన అని తుడుచుకున్నా.

బాహూరు చెరువుకట్ట దగ్గరికి వచ్చేసరికి ముందర చెరుకు బండి.

మా అన్న దాటలేదు. నాకు ఎడమపక్కనుంచి చెరుకు తప్ప ఏమీ కనపడదు, ఎదురు ఏదో వస్తా ఉండాదని అనుకున్నా. ఫర్లాంగు పోయింది. రెండు ఫర్లాంగులు పోయింది. వెనక బస్సువాడు హారను కొట్టి కొట్టి మమ్మల్నీ చెరుకునూ కలిపి దాటేసి, కిటికీలోనుంచి చెయ్యి ఊపి ఏదో అని పోయినాడు. మా అన్న ఎద్దుల వెనకనే. కొత్త కారు ఏడుస్తా ఉండాది మొదటి గేరులో.

'ఏరా?' అన్నాడు.

ఏరా అని నన్ను పిలిచి ఎనిమిదేండ్లు, చూసుకో. దారి మాటల్లో ఏరా లేదు.

'ఏంది అన్నా?' అన్నా.

'దారుందా?'

'నాకు యాడ కనపడతాది అన్నా? ఆ పక్క ఉండేది నువ్వు గదా. చూసుకో.'

'చూసినా. ఖాళీగానే ఉండాది.'

'మరి దాటొచ్చు గదా?'

'నువ్వు చెప్పల్ల.'

'చూడకుండా ఎట్ల చెప్పేది?'

ఆయన ముందుకే చూస్తా అన్నాడు, 'ఇన్నేండ్లు నువ్వు చూసినావు, నేను చూడకుండానే పోయినా గదరా. లారీ ఉండాదో ఏమో నాకేం తెలుసు? నువ్వు పో అంటే పోయినా. ఇప్పుడు నేను చూస్తా, నువ్వు చూడకుండా చెప్పు.'

నా మింద కోపంగా ఉన్న మనిషి, నాకు ఏమీ రాదన్న మనిషి, వారానికి నలభైసార్లు తన ప్రాణం నా నోటి మింద పెట్టి పోయినాడే! నాకు ఆ రోజుదాకా తోచలేదు. ఎద్దుల వెనకనే నోరు తెరిచినా. 'అన్నా, మీ మరదలి నాయన సారంలో అంగడి చూసినాడు' అన్నా.

'తెలుసు. మీ వదిన చెప్పింది.'

కొంచెం దూరం పోయినాం. బండికి చెరుకు ఆకులు ఊగతా ఉండాయి.

'మంచి అంగడేనా?' అన్నాడు.

'మంచిదే అంట.'

'అరలు ఉండాయా?'

'ఉండాయంట.'

'ఆ అంగట్లో చీరలు ఎవరు మడుస్తారు?'

నాకు కోపం వచ్చిందా, నవ్వు వచ్చిందా, ఇప్పటికీ చెప్పలేను. 'ఒక మనిషిని పెట్టుకుంటా' అన్నా రోషంగా.

'వాడికి జీతం ఎందుకు ఇచ్చేది? ఈడ నేను ఊరికే మడుస్తా ఉండా గదా' అన్నాడు. తర్వాత, స్టీరింగుకే చెప్తా ఉన్నట్టు, 'మీ మామ ముందర అనకుండా ఉండాల్సింది' అన్నాడు.

అంతే. నేను కండ్లు మూసుకోని, 'పో అన్నా' అన్నా. దాటినాడు.

కొత్త కారు వద్దని మరుసటిరోజే రాసి పంపించేసినాడు. వీధంతా పిచ్చోడు అనింది. ఎందుకయ్యా అంటే ఏం చెప్పినాడో తెలుసునా? 'సీటు మరీ మెత్తన, నిద్రొస్తాది.' ఇంకొకరితో, 'పాతదాని ఇనుము గట్టిది.' నేను పక్కనే ఉండా, ఔనౌను అన్నా! సారం సంగతి మాత్రం మా మామగారికి, 'అంగడి బాగుంది గానీ మడత మనిషి దొరకలేదు' అని వదినతోనే తెలుగులో జాబు రాయించినా. ఆమె రాస్తా రాస్తా నవ్వి సిరా వొలకబోసింది.

మాట కలిసింది గదా, ఇంకా ఆ దొరసాని ఎందుకు అంటావా? కలిసింది గానీ అల్లుడా, ఇంట్లో, అంగట్లో మాకు మాటలు రావు. ఎనిమిదేండ్ల అలవాటు. ఇప్పటికీ పెద్ద సంగతి ఏదైనా ఉంటే, కారెక్కు అంటాడు. నీ పెండ్లి సంబంధం కూడా బాహూరు రోడ్డు మిందనే మేము సరే అనుకునింది, తెలుసునా? సున్నంబట్టీ దగ్గర. ముందర పాలవాడు ఉండాడు.

అదో, హారను. సోమవారం గదా ఈ రోజు. ఒకసారి కొట్టినాడంటే మామూలు, రెండోసారి కొట్టినాడంటే కోపం. వస్తా ఉండా అన్నా! ఆ ఫారం నువ్వే కట్టుకో నాయనా. కొత్త కారు కొనుక్కో, ఆ పిల్లా నువ్వూ చల్లగా ఉండండి, ఎప్పుడైనా మాట పడిపోతే మాకు చెప్పండి, దొరసానిని ఒక వారం ఇస్తా. నిండుగా నూరేండ్లు ఉండు...

ఏయ్, ఏం చేస్తా ఉండావు? ఆ చీరలు ముట్టుకోబాకు. ఉండనీ. ఎన్ని విప్పినా, ఇరవై ఉంటాయా? ఉండనీ అట్లనే. సాయంత్రం అన్న వచ్చి మడుస్తాడు.